టకటకలాడే డిఫరెన్షియల్ మహిమ

అయ్యా, అమ్మా! మలుపు తిరిగేటప్పుడు మీ కారు చప్పుడు చెయ్యడం లేదా? అయితే మీ బతుకులో పెద్ద లోటే ఉంది!

నా కారు చేస్తుంది. నాలుగు చక్రాలూ లాగే టర్బో కారు నాది. మా ఊరు లాన్సెస్టన్ చుట్టుపక్కల మట్టిరోడ్ల మీద జరిగే కారు పందేలు, అదే ర్యాలీలు, అన్నిటికీ అదే. పోయిన నెల దాని వెనక ఇరుసుకు కొత్త లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించాను.

తెలియనివారికి చెబుతాను. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండు చక్రాలకూ ఇంజను బలం పంచే పళ్లచక్రాల డబ్బానే డిఫరెన్షియల్; మామూలుదైతే ఆ తేడాకు ఒప్పుకుంటుంది. కానీ దానిది మరీ మెత్తటి మనసు! ఒక చక్రం గులకరాళ్ల మీద జారిందా, ఇంజను బలమంతా ఆ జారేదానికే ధారపోస్తుంది. నా దాంట్లో ఉక్కు ప్లేట్లుంటాయి. అవి రెండు చక్రాలనూ బిగించి, పట్టున్నదాని చేత పని చేయిస్తాయి.

కాకపోతే పార్కింగులో నెమ్మదిగా తిప్పితే టక్, టక్, గుర్ర్ర్! ఇది లోపమా? ఎంతమాట! సూపర్ మార్కెట్టు ముందు జనం ట్రాలీలు వదిలేసి దారిస్తారు. పెట్రోలు బంకులో "గురూ, కింద ఏదో ఊడిపోతోంది, చూసుకో!" అని ఎవరో ఒకరు పలకరిస్తారు. ముక్కూమొహం తెలియనివాడికి అరగంట పాఠం చెప్పే భాగ్యం ఈ రోజుల్లో ఎవరికుంది?

కొత్త ప్లేట్లు సర్దుకోవడానికి ఒక తంతు ఉంది. ఖాళీ పార్కింగులో అరగంటసేపు ఎనిమిది అంకె చుడుతూ ఉండాలి. దానికి నేను ఎంచుకున్న ముహూర్తం మా ఇరవయ్యో పెళ్లిరోజు!

మా ఆవిడ బ్రాన్విన్ పన్నెండేళ్లుగా నా నావిగేటరు. పక్క సీట్లో కూర్చుని, రాబోయే మలుపులు పుస్తకంలో చూసి చదువుతుంది. ఆల్చిప్పల కూర కూరి కాల్చిన 'స్కాలప్ పై' తినిపిస్తానని బయల్దేరదీసి, బేకరీ ముందున్న ఖాళీ పార్కింగులోనే కారు తిప్పడం మొదలెట్టాను.

"డెస్, బేకరీ అదిగో!"

"ఇంకొక్క చుట్టు, బంగారం. ప్లేట్లు కుదురుకోవాలి కదా."

"ఇప్పటికి పంతొమ్మిది చుట్లు. కుదురుకోవాల్సింది ప్లేట్లు కాదు, నువ్వు! ఆపు, దిగుతా."

దిగింది. ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. మధ్యలో ఎలా ఆపను? మీరే చెప్పండి!

మొన్నటి ర్యాలీలో ఆవిడ నాతో పోటీపడే లాక్లన్ కారెక్కింది. నా పక్కన మా కార్ల క్లబ్బు కార్యదర్శి ఫెర్గస్ కూర్చున్నాడు. మలుపు దాటాక మలుపు చెప్పే మహానుభావుడు! ఫలితం అద్భుతం. ఒక్క చక్రం కూడా జారకుండా, గట్టి పట్టుతో, తిన్నగా గొర్రెల కంచెలోకి వెళ్లాం.

సాయంత్రం లాక్లన్ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు కంచెలోకి పోయిన ఆ మలుపు దగ్గర నీ పెళ్లాం ఏం చదివిందో తెలుసా? 'ఇక్కడ తొందరపడకు డెస్, బ్రేకు తొక్కు' అంది. నీకోసం తను రాసిన పాత పుస్తకమే తెచ్చుకుంది మరి. నేను తొక్కాను, బతికిపోయాను."

నేను నేరుగా ఇంటికెళ్లి షెడ్డు తలుపు తీశాను.

పాఠకులారా, పాత డిఫరెన్షియల్ షెడ్డులోనే ఉంది. రేపే బిగించేస్తున్నాను. మీలో ఎవరైనా మా ఆవిడకు ఆ సంగతి చెప్పి పుణ్యం కట్టుకోండి. నేను చెబితే వినడం లేదు.