పత్తి కుప్ప మీద స్కీయింగ్

నవ్వనంటేనే చెబుతాను. కాలికి ఈ కట్టేమిటని అడిగినవాళ్లకు కల్హేర్ రోడ్డు మీద బండి జారిందని చెప్పాను. మా అత్తమ్మకు మాత్రం బర్రె తొక్కిందన్నాను. మాకు బర్రె లేదని ఆవిడకు తెలుసు. జరిగింది ఇదీ.

నారాయణఖేడ్‌లో మాది బోరు మోటార్ల దుకాణం. పోయిన ఎండాకాలం సగం బోర్లు ఎండిపోయాయి, మిగతా సగానికి మోటార్లు కాలిపోయాయి. దాంతో మా అమ్మకాలు చూసి మురిసిపోయిన మోటార్ల కంపెనీ, మా దుకాణానికి ఇద్దరు మనుషుల ఫారిన్ టూరు ప్రకటించింది. ఫ్రాన్స్ దేశం, ఆల్ప్స్ పర్వతాలు, స్కీయింగ్.

వాళ్లు పంపిన రంగుల పుస్తకం చూస్తే కళ్లు తిరిగాయి. నాలుగు కొండలకు తీగలు కట్టి, వాటికి కుర్చీలు వేలాడదీశారు. ఒక కొండ మీద టీ తాగి, మంచులో జారుకుంటూ దిగి, కుర్చీ ఎక్కి, రెండో కొండ మీద అన్నం తినొచ్చు. వారం రోజులు జారినా జారిన చోట మళ్లీ జారక్కర్లేదట. మా కంగ్టి రోడ్డులో అయితే రోజూ అదే గుంతలో జారాలి.

ఇద్దరిలో ఒకణ్ని నేను. రెండోవాడు పక్క దుకాణంలో విత్తనాలమ్మే నా దోస్తు బస్వరాజ్. ఈ సంగతి మేమిద్దరం టీకొట్టు దగ్గరే తీర్మానించుకున్నాం. అడ్డల్లా మా ఆవిడ అరుణజ్యోతి.

"వదిన్ని రావొద్దని మాత్రం అనకు శివన్నా," అన్నాడు బస్వరాజ్. "వద్దంటే తప్పకుండ వస్తది. తనంతట తానే రానన్నట్టు చెయ్యాలె."

"గదెట్ల?"

"భయపెట్టు."

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను.

"జ్యోతీ, గాడ చలి మైనస్ పదిహేనట. చీరల కట్టెలెక్క బిగుసుకపోతవ్."

"ప్యాంటేస్కుంట."

"జొన్నరొట్టె దొరకది."

"ఖడక్ రొట్టెలు చేస్కపోత. నెల దాక చెడిపోవు. నీక్కూడ కట్టాల్నా?"

మనుషులు మంచులో దొర్లిపడే వీడియోలు చూపించాను. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, ఇంకో రెండు పెట్టమంది.

నెల రోజులు ఇలాగే గడిచాక చివరి అస్త్రం తీశాను. "కంపెనీ రూలొచ్చింది. ముందుగాల ఈడ్నే జారి చూపియ్యాలె. పడ్డోళ్ల పేరు కొట్టేస్తరట." అలాంటి రూలేదీ లేదు.

"నువ్వు పడితే నీ పేరు గూడ కొట్టేస్తరా?"

"నేనెందుకు పడ్త?"

"సరే, జారుదాం పా," అంది. అంత తేలిగ్గా ఒప్పుకుందంటే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

నాలుగంగుళాల పీవీసీ పైపును నిలువునా చీల్చి, కొసలు వేడిచేసి పైకి వంచి, సైకిల్ ట్యూబు ముక్కలతో కాళ్లకు కట్టుకునేలా తయారుచేశాను. ఇక మంచు కావాలి. పత్తి సీజన్ కదా, తెలిసినవాళ్ల జిన్నింగు మిల్లులో కొండల్లాంటి కుప్పలున్నాయి. ఆదివారం అక్కడ చేరాం. నా భార్య పడితే సాక్ష్యం చెప్పడానికి బస్వరాజ్ వచ్చాడు. అతని భార్య నర్మద కూడా వెంట వచ్చింది. ఎందుకొచ్చిందని ఎవరమూ అడగలేదు.

అరుణజ్యోతి కొంగు నడుముకు చుట్టి, బాగా తొక్కి గట్టిపడిన కుప్ప ఎక్కింది. సర్రున జారి, కింద మోకాళ్లు వంచి, నిటారుగా నిలబడింది.

"యాడ నేర్చినవే?" అన్నాను.

"మా ఊర్ల, నాగల్‌గిద్దల. చిన్నప్పుడు మా నాయిన గుంటక తోలుతుంటే బరువుకు నన్ను మీద నిలబెడుతుండె. ఎడ్లు ఉరికినా పడలే. నీ పైపులొక లెక్కనా?"

తర్వాత నర్మద జారింది. సగంలో కూలబడింది కానీ, నవ్వుతూ కూర్చునే దిగేసింది.

"ఇగ నీ వంతు," అన్నారు ఇద్దరూ.

ఆడవాళ్లు జారిన కుప్ప మీద నేనేం జారతాను? పక్కనే ఇంకా ఎత్తయిన కుప్ప ఉంటే అది ఎక్కాను. దాన్ని ఎవరూ తొక్కలేదని ఎక్కాక తెలిసింది. నేను జారలేదు, తలకిందులుగా దిగబడిపోయాను. లోపలంతా వెచ్చగా, తెల్లగా, ప్రశాంతంగా ఉంది. బయటికి నా పాదాలు, వాటికి కట్టిన పైపులు మాత్రమే కనిపించాయట.

"శివన్నా, ఉన్నవా?" అని అరిచి, బస్వరాజ్ బోరులోంచి మోటారు గుంజినట్టు ఒక పైపు పట్టి గుంజాడు. నేను మొత్తం బయటికొచ్చాను. చీలమండ మాత్రం వేరే దిక్కుకు తిరిగి వచ్చింది.

దవాఖానలో కట్టు కట్టి, రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. టూరేమో వచ్చే నెల.

"నసీబు లేదు జ్యోతీ," అన్నాను నీరసంగా. "మేం రామని కంపెనీ పంపిన టూరు ఫారం వాపస్ పంపుత."

"ఫారం కంపెనీకి పోయి మూడు వారాలాయె. నేను, నర్మద పోతున్నం."

"నా సంతకం లేకుండనా?"

"దుకాణం లైసెన్సు ఎవరి పేరు మీదున్నది?"

ఆడవాళ్ల పేరు మీదైతే సబ్సిడీ వస్తుందని పదేళ్ల కింద ఆమె పేరు రాయించింది నేనే. కంపెనీ దృష్టిలో డీలరు ఆమె. నేను ఆమె గల్లా దగ్గర కూర్చునే మనిషిని.

"మరి నర్మదకెట్ల తెల్సింది?"

నర్మద తన మొగుడి వైపు చూసింది. "కందుల సంచిల రెండు ఉన్ని టోపీలు దొరికినయ్ బావా. రెండూ మగోళ్లయే."

బస్వరాజ్ గోడ మీద ఉన్న టీకాల పట్టికను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"అన్నీ తెల్సి పత్తి కుప్ప మీదికెందుకొచ్చిన్రు?" అన్నాను.

"ప్రాక్టీస్ గావాలె గద," అంది నా భార్య. "పైపులు గూడ నువ్వే కోసిస్తివి."

నిన్న మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. నేను మంచం మీద, బస్వరాజ్ నా పక్కన. మేం వండుకున్న అన్నాన్ని గిన్నెలోంచి పెళ్లగిస్తున్నాం. ఫోన్లో అంతా తెలుపు, వెనక గాల్లో తేలుతూ కుర్చీలు, ముందు ఎర్రబడిన రెండు ముక్కులు.

"మూడో కొండ మీదున్నమయ్యా," అంది అరుణజ్యోతి. ఆ తర్వాత గొంతు మెత్తబడింది. "నువ్వు రాలేదని మస్తు బాధైతుంది."

నా గుండె కరిగిపోయింది. "నిజంగనా?"

"అవ్. మా ఇద్దర్ని కలిపి ఫొటో తీసేటోడు లేడు."

బస్వరాజ్ ముద్ద వదిలేసి ఫోన్ మీదికి వంగాడు. "నాకు మంచిగ తియ్యొస్తది వదినా!" అన్నాడు.

అప్పటికే ఫోన్ కట్టయింది.