పిల్లిచెవి ముడి

మా ఆయనకు ఒక ఊతపదం ఉంది. ఏం అడిగినా "ఇప్పుడు కొంపలేం మునిగాయి?" అంటారు. మా అక్క వాళ్ళ ఊరికి వరద వచ్చిన రోజు, టీవీ పెట్టమని నేను కేకేస్తే, అలవాటు కొద్దీ అదే అన్నారు. టీవీలో నిజంగానే కొంపలు కనిపించాయి, కప్పుల దాకా మునిగి.

అక్క ఫోను మోగడం లేదు. కూర కలుపుతూ చేశాను, బట్టలు ఆరేస్తూ చేశాను. "మీరు ప్రయత్నిస్తున్న నంబరు" అని చెప్పే అమ్మాయి నాకిప్పుడు తోబుట్టువంత దగ్గరైంది. కానీ నాకు కావాల్సింది ఆవిడ కాదు కదా.

మా ఆయన లారీ ఆఫీసులో బుకింగ్ గుమాస్తా. అక్క వాళ్ళ ఊరి వరద బాధితుల క్యాంపుకు ఉచితంగా లారీలు పంపుతానన్నాడు వాళ్ళ మేనేజరు. వీధి వీధంతా ఇచ్చిన దుప్పట్లు, బట్టలు మా ముందు గదిలో గుట్టపడ్డాయి.

"ఒక్క మూట మీద అక్క పేరు రాయనా?"

"రాస్తే మా మేనేజరు నా పేరు కొట్టేస్తాడు. క్యాంపులో అందరికీ పంచుతారు."

"సరే, మూటలు నేనే కడతాను."

"ఇంత తొందరగా ఒప్పుకున్నావంటే నాకు భయమేస్తోందే."

భయపడాల్సిందే. అక్క పెళ్ళికి ముందు బట్టల గోదాములో బేళ్ళు కట్టేది. అక్కడి ముడి నాకూ నేర్పింది. తాడు కొసను చిన్న చెవిలా మడిచి లోపల దాచాలి. ఆ చెవి పట్టి లాగితే ముడి ఊడుతుంది, ఇంకెక్కడ లాగినా బిగుస్తుంది. పిల్లిచెవి ముడి అనేవాళ్ళం. నాది ఎడమచేతివాటం కాబట్టి నా చెవి ఇటు పడాల్సింది అటు పడుతుంది. అలాంటి తప్పుడు ముడి లోకంలో నేనొక్కదాన్నే వేస్తాను. చూడగానే అక్కకు తెలిసిపోవాలి. ఎవరి ఫోనైనా లాక్కుని నన్ను తిట్టాలి. అంతే నాకు కావాల్సింది.

లారీ వెళ్ళింది. మర్నాడు ఫోను వచ్చింది, మా ఆయనకు. స్పీకర్లో క్యాంపు సూపర్‌వైజరు.

"ఏమయ్యా, గుడ్డలు పంపారా, పరీక్ష పెట్టారా? పళ్ళతో లాగితే మూట ఊడలేదు, మా వంటాయన పన్ను ఊడింది!"

"కత్తితో కోయలేకపోయారా అండీ?"

"కోశాం. రెండు దుప్పట్లు నాలుగయ్యాయి."

మా ఆయన నా వైపు చూశారు. అక్కడ తడిసినవాళ్ళు వరసలో నిలబడి ఉంటారనుకుంటే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఫోను తీసుకున్నాను.

"అన్నయ్యగారూ, చెవి పట్టుకుని ఎడమకు లాగండి."

"ఎవరి చెవమ్మా? వంటాయనదా?"

"ముడి చెవండీ! లోపల ఉంటుంది!"

అటు వైపు ఏదో గోల. "ఆగమ్మా. ఎవరో ఒకావిడ వరస తోసుకుని వచ్చింది... అబ్బో, చకచకా విప్పేస్తోందే! ముడి వేసినదాన్ని ఉతికి ఆరేస్తుందట. అమ్మా, అమ్మా, ఫోను..."

"ఏమే ఎడంచేతీ! ఇన్నేళ్ళొచ్చినా చెవి అటే దోపుతావా?"

ఎన్ని మాటలు దాచిపెట్టుకున్నానో! అన్నీ ఏడుపుగానే బయటికొచ్చాయి.

"ఏడవకే. అందరం బాగానే ఉన్నాం. ఇల్లే లేదు."

"వచ్చెయ్యి అక్కా. ముందు గది ఖాళీ చేశాం. రేపే ఈయన్ని పంపిస్తాను."

"ఎలా వస్తానే? నీ ముళ్ళు నాకు తప్ప ఎవరికీ రావట. ఈ సూపర్‌వైజరుగారు నన్ను కదలనివ్వడం లేదు. ఇవన్నీ విప్పాకే ప్రయాణం."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "వదినగారూ, మీ చెల్లెలు కట్టిన మూటలతో ఇంకో లారీ పొద్దున్నే బయల్దేరిందండీ."

అక్క పకపకా నవ్వింది. ఆ లారీ త్వరగా చేరాలని కోరుకోవాలో, దారిలోనే ఆగాలని కోరుకోవాలో తెలియక, ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను.