పరిష్కరించబడిన గుంత

నాగరికత అనేది రోడ్డు వేయడంతో మొదలై, వేసిన రోడ్డును తవ్వడంతో పరిపూర్ణమవుతుంది. ఈ రెండో దశకు మన నగరం ఎప్పుడో చేరుకుంది. తవ్విన గుంతల్ని ఎవరు, ఎప్పుడు, ఏ శీర్షిక కింద గమనించాలన్న విషయంలో గందరగోళం రాకూడదన్న సదుద్దేశంతో గుంతల సమన్వయ మండలి ఏర్పాటయింది. (మండలి పని గుంతలు పూడ్చడం కాదు, సమన్వయించడం. ఈ తేడా తెలియక ప్రజలు పదేపదే ఫోన్లు చేస్తుంటారు.)

ఆ మండలి పాతబస్తీ విభాగంలో మురళి ఫిర్యాదుల గుమాస్తా. ముప్పై ఆరేళ్లవాడు. గౌలిపురలో తాతల నాటి ఇల్లు, ఇంటి వెనక కొట్టంలో అయిదు బర్రెలు, కొడుకు కన్నా ఆ బర్రెలనే ఎక్కువగా నమ్మే తండ్రి బాలనర్సింహ, ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే భార్య అమల. ఇదీ అతని కుటుంబం.

మండలి యాప్‌లో ఫిర్యాదుకు మూడు స్థితులు ఉంటాయి. అందినది, పరిశీలనలో ఉన్నది, పరిష్కరించబడినది. మొదటి స్థితిలో ఉన్నదాన్ని మూడో స్థితికి చేర్చడమే మురళి ఉద్యోగం. డెబ్బై రెండు గంటల్లో చేరకపోతే అది తెర మీద ఎర్రగా వెలుగుతుంది. ఎరుపు చూస్తే పర్యవేక్షణాధికారి వైకుంఠం గారికి బీపీ పెరుగుతుంది. పరిష్కారానికి రుజువుగా ‘స్థలం ఫోటో’ జతపరచాలని నిబంధన 14(బి) చెబుతోంది. ఆ స్థలంలో గుంత ఉండాలా, ఉండకూడదా అన్న విషయంలో మాత్రం నిబంధన మౌనం వహించింది.

ఇలాంటి ఉద్యోగం చేసే మనిషికి ఏదో ఒక నిజమైన పని కావాలి. మురళి సైక్లోక్రాస్ ఎంచుకున్నాడు.

తెలియనివారి కోసం చెప్పాలంటే, అది బురదలో, గడ్డిలో, ఎత్తుపల్లాల్లో జరిగే సైకిల్ పందెం. తొక్కగలిగిన చోట తొక్కాలి. అడ్డం వచ్చిన చోట దిగి, సైకిల్‌ను భుజానికెత్తుకుని, పరుగెత్తి దాటి, మళ్లీ ఎగిరి కూర్చోవాలి. చలిదేశాల్లో ఇందుకోసం మంచి మైదానాలను పనిగట్టుకుని పాడుచేస్తారు. (మన దగ్గర ఆ శ్రమ అక్కర్లేదు.) రెండేళ్ల కిందట మురళి ఫోనులో ఒక వీడియో చూశాడు. ముఖమంతా బురదైన ఒక బట్టతల మనిషి ఆరో స్థానంలో వచ్చి, చిన్న పిల్లాడిలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు మురళిని వదల్లేదు. వారం తిరక్కముందే కార్వాన్‌లో పాత సైకిళ్లు అమ్మే ప్రేమ్‌రాజ్ దగ్గర ఒక రేసు సైకిల్ తీసుకుని, దానికి గరుకు టైర్లు వేయించి ఇంటికి తెచ్చాడు.

బాలనర్సింహ దాని చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి వంగిన హ్యాండిల్‌ను పట్టుకు చూశాడు. “కొమ్ములు మంచిగున్నయి” అన్నాడు. “పాలెన్నిస్తది?”

అమల మాత్రం చదువుకున్న మనిషి కాబట్టి ఫ్రిజ్ మీద ఒక పట్టిక అతికించింది. తెల్లవారుజామున అయిదింటికి కొట్టంలో పని. అయిదున్నరకు ‘సైకిల్ (పాలు పోస్తూ)’. ఆరుంబావుకు నీళ్లు పట్టుడు. ఏడింటికి టిఫిన్. తొమ్మిదికి ఆఫీసు. బ్రాకెట్‌లోని షరతు మీదే అనుమతి లభించింది. మురళి పాల క్యాన్లు వీపుకు కట్టుకుని ఫలక్‌నుమా దాకా గతుకులు వెతుక్కుంటూ తొక్కాడు. మెట్లు కనబడితే దిగి ఎక్కాడు, దిబ్బలు కనబడితే ఎక్కి దిగాడు. నాలుగో రోజు తండ్రి పిలిచాడు.

“సుశీలక్క ఫోన్ చేసింది. పాలల్ల వెన్న తేలిందట” అన్నాడు బాలనర్సింహ నిదానంగా. “పాలు పోసి రమ్మంటే చిలికి పోసొస్తున్నవేంది రా?”

“అది ట్రైనింగ్, బాపు.”

“బర్రెకు ఏ ట్రైనింగ్ ఉన్నది? అది పాలిస్తలేదా?”

పాలు పోసే పని తండ్రి మోపెడ్ మీదికి మారింది. మురళికి ముప్పావుగంట మిగిలింది గానీ, తొక్కడానికి స్థలం మిగల్లేదు. గౌలిపుర గల్లీల్లో ఆ వేళకు బర్రెలు, ఆటోలు, బడి వ్యాన్లు, నీళ్ల బిందెలు ఎవరి హక్కు మీద అవి నిలబడి ఉంటాయి.

సరిగ్గా అప్పుడే వీధి తవ్వారు.

మంచినీళ్ల పైపు కోసమన్నారు. మురళి ఇంటి గుమ్మం నుంచి మలుపులోని నాగమణమ్మ ఇంటి దాకా నలభై అడుగుల పొడవు, ఛాతీలోతు కాలువ. ఒక పక్క మట్టి గుట్ట. దాటడానికి అక్కడక్కడ పలకలు. తవ్విన మనుషులు తవ్వి వెళ్లిపోయారు. పైపులు మలుపులో పడి ఉన్నాయి. వీధి వీధంతా తిట్టుకుంటున్న వేళ, మురళి పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, ఆ గుట్టను, ఆ వాలును, ఆ పలకలను చూసి, బ్రష్ నోట్లోనే పెట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. చలిదేశాల వాళ్లు కూడా ఇంత శ్రద్ధగా చేయలేరనిపించింది.

మర్నాటి నుంచి గుట్ట ఎక్కాడు, వాలులో జారాడు, కాలువ అంచున దిగి, సైకిల్ భుజాన వేసుకుని, దుంకి, మళ్లీ ఎక్కాడు. మొదటి వారం మోకాళ్లు చీరుకుపోయాయి. రెండో వారానికి కాలు దానంతటదే పెడల్‌ను వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఆ ముప్పావుగంటలో అతను ఎవరి కొడుకూ కాదు, ఎవరి గుమాస్తా కాదు. అతని మీద ఏ స్థితీ వెలగదు. దిగడం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఫోన్‌ను ఒక ఇటుక మీద నిలబెట్టి టైమర్‌తో ఫోటోలు తీసుకునేవాడు.

ఔటర్ రింగ్ రోడ్డు అవతల నెలాఖరు ఆదివారం పోటీ అని ప్రకటన వచ్చింది. ముప్పై అయిదు పైబడిన వారికి వేరే విభాగం. మురళి పేరిచ్చాడు.

పోటీకి పందొమ్మిది రోజులుందనగా ఆఫీసులో అతని తెర మీదికి ఒక ఫిర్యాదు వచ్చింది. గౌలిపురలో ఒక వీధి. డెబ్బై రెండేళ్ల నాగమణమ్మ అనే వృద్ధురాలు పలకల మీద నడవలేక, కంటి ఆపరేషన్‌ను రెండుసార్లు వాయిదా వేసుకున్నారు. దయచేసి గుంత పూడ్చగలరు. అక్షరదోషం ఒక్కటీ లేదు. కింద ఫిర్యాదుదారు పేరు: అమల.

పై విభాగానికి పంపితే వాళ్లు నాలుగింటిలో ఒకటి నిజంగానే పూడ్చేస్తారు. (ఇలాంటి అపశ్రుతులు ఎంత మంచి వ్యవస్థలోనైనా తప్పవు.) పందొమ్మిది రోజులే కదా అనుకున్నాడు మురళి. ఆ తర్వాత తానే దగ్గరుండి పూడ్పిస్తానని తనకు తాను మాటిచ్చుకుని ‘పరిశీలనలో ఉన్నది’ నొక్కాడు. డెబ్బై ఒకటో గంటకు వైకుంఠం వెనక వచ్చి నిలబడ్డాడు.

“అదొక్కటి ఎర్రగయ్యేటట్టున్నది చూడు మురళి.”

“చూస్తున్న సార్.”

ఫోనులో స్థలం ఫోటో ఉండనే ఉంది. జతపరిచాడు. పరిష్కరించబడినది.

ఆ సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ అమల తలెత్తకుండానే అంది. “మీ ఆఫీసోళ్లు గుంత మూసినమని మెసేజ్ పెట్టిన్రు. ఫోటో కూడా పెట్టిన్రట, తెరిచి చూడలే. ఇంటి ముంగట చూస్తే గట్లనే ఉన్నది.”

“సిస్టంల ముందు పడ్తది” అన్నాడు మురళి. “గుంత తర్వాత మూతపడ్తది.”

అమల ఒక్క క్షణం ఎర్రపెన్ను ఆపింది. మళ్లీ దిద్దుకోసాగింది.

పోటీ రోజు తెల్లవారింది. మురళి సైకిల్ గొలుసుకు నూనె వేసి, చక్రాల్లో గాలి చూసుకుని, నంబరు కాగితాన్ని చొక్కాకు పిన్నులతో గుచ్చుకుంటున్నాడు. నూట పదిహేడు. అప్పుడు వీధిలో ఏదో దబ్బున పడిన చప్పుడయింది. ఆ వెంటే తండ్రి గొంతు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే నిదానం లేదు.

ఎనిమిది నెలల చూడి బర్రె లచ్చి కాలువలో ఉంది. అంచున మట్టి విరిగి జారింది. పక్కకు పడకుండా నిలువునా దిగబడింది కాబట్టి కాళ్లు విరగలేదు. రెండు పక్కలా మట్టి గోడలు డొక్కలను నొక్కుతుంటే తిరగలేక, కదల్లేక, ముక్కులు ఎగరేస్తూ చూస్తోంది. బాలనర్సింహ అప్పటికే దిగి, దాని మెడను కౌగిలించుకుని, చెవిలో ఏదో చెబుతున్నాడు. మురళి నంబరు కాగితంతోనే లోపలికి దుంకి, కడుపు కింద చెయ్యి పెట్టి చూశాడు. లోపల దూడ కదిలింది.

క్రేన్ తప్ప దారి లేదనిపించి, అక్కడి నుంచే మండలి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. స్వీటీ అనే అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

“సార్, మీరు చెప్పిన అడ్రస్‌లో గుంత లేదు.”

“నేను గుంతలనే నిలబడి మాట్లాడుతున్న.”

“మా రికార్డ్ ప్రకారం మీరు రోడ్డు మీద నిలబడి ఉన్నారు సార్.”

“నా పక్కన బర్రె ఉన్నది. అది కూడా రోడ్డు మీదనే ఉన్నదా?”

“బర్రెలకు వేరే విభాగం సార్. క్రేన్ పంపాలంటే గుంత నంబర్ కావాలి. ఆ నంబర్ ఇదివరకే పరిష్కారం అయింది. కావాలంటే ఫిర్యాదుదారుకు రుజువు ఫోటో మళ్లీ పంపుతాను.”

“వద్దు” అన్నాడు మురళి. కానీ అప్పటికే పంపేసింది.

తర్వాత వైకుంఠానికి ఫోన్ చేశాడు. ఆయన పూజలో ఉండి కూడా ఎత్తాడు.

“పరిష్కరించినదాన్ని మళ్ల తెరిస్తే పరిష్కరించలేదని అర్థమొస్తది మురళి. ఆ అర్థం మనకొద్దు. కొత్త గుంత కింద రాయి. ఫారంల ‘తవ్వినవారి పేరు’ అని ఒక గడి ఉంటది.”

“ఎవరి పేరు రాయాలె సార్?”

“ఇప్పుడు అండ్ల ఎవరున్నరు?”

“మా లచ్చి.”

“అయితే లచ్చి అని రాయి. అనుమతి లేని తవ్వకం కింద మీ బాపుకు ఒక నోటీసొస్తది, జవాబిస్తే అయిపాయె. ఫికర్ చెయ్యకు.”

మురళి ఫోన్ పెట్టేసి తలెత్తాడు. పైన అంచు మీద అమల నిలబడి ఉంది. ఆమె వంగి, తన ఫోనును అతని కళ్ల ముందు పెట్టింది. తెర మీద కాలువ. కాలువ మీద గాల్లో ఒక మనిషి. భుజాన సైకిల్. ముఖం చెదిరిపోయింది గానీ, చొక్కా మాత్రం ఆమె బడి స్పోర్ట్స్ డేకు ఇచ్చిన ఆకుపచ్చ చొక్కా.

“ఈయన నీకు ఎరుకేనా?” అంది.

వీధి మొత్తం చూస్తోంది. చెప్పడానికి అబద్ధాలు చాలానే ఉన్నాయి. అన్నీ అతను రోజూ వాడేవే. లచ్చి శ్వాస అతని మెడ మీద వేడిగా తగులుతోంది.

“నేనే” అన్నాడు మురళి. “నేనే మూసిన. అంటే మూయలే. మూసిన అని రాసిన. పోటీ అయ్యేదాక ఉండాలని.”

బాలనర్సింహ బర్రె మెడ మీది నుంచి తల తిప్పలేదు. మలుపులో ఇంటి కిటికీ చువ్వలు పట్టుకుని నాగమణమ్మ అంది. “రోజు పొద్దున చూస్తుంటి బిడ్డా. ఒక కన్ను మసకే గని, రెండోది కానొస్తది. మంచిగ దుంకుతవు. నేనే దుంకలేకపోతి.”

మురళి గోడ పట్టుకుని పైకెక్కి, కొట్టంలోంచి పార తెచ్చాడు. గుట్టలోని మట్టిని లచ్చి ముందు వైపు కాలువలోకి తోయడం మొదలుపెట్టాడు. రెండు పారలయ్యాక పక్కింటి బాలరాజ్ వచ్చి కలిశాడు. ఆ తర్వాత తట్టలు, పాల క్యాన్లు, ఒక పిల్లల టబ్బు వచ్చాయి. మట్టి మెట్టుమెట్టుగా వాలు కట్టింది. ఎనిమిదిన్నరకు, అంటే ఔటర్ రింగ్ రోడ్డు అవతల విజిల్ ఊదిన సమయానికి, మురళి లచ్చి వెనక చేరి భుజంతో నెడుతున్నాడు. తొమ్మిది దాటాక అది ముందుకాళ్లు వాలు మీద వేసింది. జారింది. మళ్లీ వేసింది. బయటికొచ్చి, ఒళ్లు ఒకసారి విదిలించి, అందరి మీదా మట్టి చిమ్మి, కొట్టం వైపు నడిచింది. దాని వెంట నడుస్తున్న బాలనర్సింహ కళ్లు తుడుచుకోవడం మురళి చూశాడు. తండ్రి మాత్రం అతన్ని చూడలేదు.

జనం వెళ్లిపోయారు. మురళి వెళ్లలేదు. మిగిలిన కాలువనంతా నాగమణమ్మ గుమ్మం దాకా తానొక్కడే పూడ్చాడు. మధ్యాహ్నం రెండయింది. నూట పదిహేడు చెమటకు నాని, చిరిగి, మట్టిలో ఎక్కడో కలిసిపోయింది. వ్యాయామం లెక్కపెట్టే చేతి స్మార్ట్‌వాచ్ అతని ఎనిమిది గంటల శ్రమను ‘గుర్తించలేని కార్యకలాపం’ అని నమోదు చేసుకుంది.

సోమవారం వైకుంఠం స్వయంగా వచ్చి, వీధిలో చెప్పులతో నేలను రెండుసార్లు తట్టి చూశాడు. విభాగం చరిత్రలో రికార్డూ నేలా ఒకేలా ఉన్న మొదటి గుంత అదేనని తేలింది. మురళికి ప్రశంసాపత్రం వచ్చింది. (దాన్ని అమల ఫ్రిజ్ మీద అతికించలేదు.) పైపులు మాత్రం మలుపులోనే ఉన్నాయి. వాటిని వేయాలంటే వీధిని తవ్వాల్సి ఉంటుందని మండలి తెలియజేసింది.

గురువారం నాగమణమ్మ ఆటోలో వెళ్లి కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. ఆ వారమంతా ఇంట్లో మురళితో మాట్లాడినవాళ్లు తక్కువ. మాట్లాడినప్పుడు కూడా నీళ్లొచ్చినయి, గ్యాస్ అయిపోయింది వంటి సమాచారమే తప్ప మాట కాదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. అమల ఫోను మోగింది. మండలి నుంచి సందేశం. ఫిర్యాదు పరిష్కారమైన తీరు మీకు తృప్తి కలిగించిందా? అవును, కాదు.

అమల కంచం పక్కకు జరిపి ‘కాదు’ నొక్కింది. వెంటనే జవాబొచ్చింది. ఆమె దాన్ని అందరికీ వినబడేలా చదివింది. “మీ అసంతృప్తికి చింతిస్తున్నాం. సంబంధిత ఉద్యోగిని మీ ఇంటికే పంపి, మీ ఎదుట కూర్చోబెట్టి, సంజాయిషీ చెప్పిస్తాం. దయచేసి ఇంట్లోనే ఉండగలరు.”

సంబంధిత ఉద్యోగి అప్పటికే ఆమె ఎదుట కూర్చుని, పప్పు ఎవరైనా వడ్డిస్తారేమోనని చూస్తున్నాడు.