అరవై పాయింట్ల నిజం

నోరున్న ప్రతివాడూ తనకు తోచినట్టు మాట్లాడి పనులు చేయించుకునే అరాచకానికి కంటి ఆసుపత్రి తేదీల విభాగం ఎట్టకేలకు స్వస్తి పలికింది. ఇకపై కిటికీ దగ్గర ఎవరు ఏం మాట్లాడవచ్చో తెర మీద కనిపిస్తుంది. వాటిలో ఒకదాన్ని నొక్కాలి. నొక్కితే యంత్రం మాట్లాడుతుంది. సొంత నోటితో అన్న మాటలు మర్యాద కొద్దీ వింటారు గానీ, అవి లెక్కలోకి రావు.

ఈ సంస్కరణకు మూలం సంభాషణల సంచాలకుడుగారి మేనకోడలు. సెలవుల్లో ఆ అమ్మాయి వీడియో గేమ్ ఆడుతుంటే ఆయన పక్కన కూర్చుని చూశారు. ఆటలో వీరుడు కోట కాపలావాడి దగ్గరికి వెళ్లగానే నాలుగు వాక్యాలు ప్రత్యక్షమయ్యాయి. వీరుడికి ‘ఒప్పించే శక్తి’ సరిపడా ఉంది కనుక ఒక్క వాక్యానికే కోట తలుపు తెరుచుకుంది. సంచాలకుడుగారిని కదిలించింది తలుపు కాదు, వీరుడి వెనక వరుస లేకపోవడం. సోమవారానికల్లా రెండు వందల పన్నెండు పేజీల నిబంధనలు తయారయ్యాయి.

ఊళ్లో ఒక లిఫ్టు మెకానిక్కుకు ఇవేవీ తెలియవు. అతనికి తెలిసిందల్లా ఒకటే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే తన తల్లి మొన్న ఒక చొక్కా జేబును నాలుగు వైపులా కుట్టేసింది. (చూడ్డానికి చక్కగానే ఉంది. అందులో ఏదీ పెట్టలేరు, అంతే.) రెండు కళ్లకూ శుక్లాలు. మూడు నెలల్లో ఆపరేషన్ చేయకపోతే చూపు తిరిగి రావడం కష్టమని డాక్టరు చీటీ మీద రాశాడు. అదే ఆసుపత్రి తేదీల విభాగం పదకొండు నెలల తర్వాతి తేదీ ఇచ్చింది. రెండు కాగితాలకూ కలిపి ఒకే పిన్ను గుచ్చారు.

తేదీ మార్పించుకుందామని వెళ్తే ముందు అతని పాయింట్లు కట్టారు. డిగ్రీకి నాలుగు. ‘వారసత్వ వాగ్ధాటి’ అన్న గడిలో తండ్రి, తాత ఏయే అధికారులతో మాట్లాడారో రాయాలి. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు అతనే కాబట్టి అక్కడ సున్నా.

తెర వెలిగింది. ‘మా అమ్మకు చూపు పోతోంది’ అన్న వాక్యం బూడిద రంగులో ఉంది. పక్కన, అరవై పాయింట్లు కావాలి అని. ‘నేనెవరి మనిషినో తెలుసా?’ అన్నదీ బూడిదే. (దానికి పాయింట్లు అక్కర్లేదు, ఎవరి మనిషో అయి ఉండాలి.) ‘సరే, వెళ్లొస్తాను’ అందరికీ ఉచితం. మిగిలింది ‘వినయంగా అడగండి’. గెలిచే అవకాశం నూటికి ఎనభై అయిదు. మెకానిక్కు దాన్ని నొక్కాడు.

యంత్రం అచ్చం అతని గొంతుతో, “ఏంటయ్యా, ఇంకెంతసేపు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటావ్?” అంది. (బటన్ మీద సారాంశమే ఉంటుంది. మాటల ఎంపిక వ్యవస్థ విచక్షణకు వదిలేశారు.)

కిటికీ గుమాస్తా ముఖం చిన్నబోయింది. “అంత మాటెందుకండీ? నేనేం చేశాను?”

“అయ్యో, నేననలేదు సార్. అదే అంది.”

“గొంతు మీదే కదండీ.”

తెర మీద ‘విఫలం’ అని పడింది. రెండు పాయింట్లు కోశారు.

ఇంట్లో చెల్లెలికి ఇలాంటి ఆటలు కొట్టినపిండి. అంతా విని అడిగింది. “మాట్లాడే ముందు సేవ్ చేసుకున్నావా?”

“దేన్ని?”

“ఆటలో అయితే మాట చెడితే వెనక్కెళ్లి మళ్లీ మొదలెడతాం అన్నయ్యా.”

“ఆఫీసులో వెనక్కెళ్లడమంటే వరుస చివరికే.”

“అయితే చిన్నవాళ్ల దగ్గర సాధన చెయ్యి. ముందు కాపలావాడు, తర్వాతే రాజు. మంచి కోటు వేసుకుంటే ఇంకో పది.”

“కోటు చూసి మాట నమ్ముతారా?”

“నీ చొక్కా చూసి నమ్మారా?”

నిబంధనలు తిరగేస్తే రెండూ ఉన్నాయి. ఎవరినైనా ఒప్పిస్తే రోజుకొక్క పాయింటు. అందుకోసం గేటు వాచ్‌మన్‌కు ఒక ముద్ర కూడా ఇచ్చారు.

“అన్నా, గేటు తెరుస్తావా?”

“తెరిచే ఉంది కదయ్యా.”

“తెలుసు. ఒప్పుకో.”

“నిన్న ఒప్పుకున్నానుగా!”

“ఇవాళ్టికి కూడా ఒప్పుకో అన్నా, నీకు పుణ్యముంటుంది.”

“సరే, ఒప్పుకున్నా పో.” ముద్ర పడింది.

వారం తిరిగేసరికి అతని వెనక నలభై మంది చేరారు. ఆసుపత్రి కట్టిననాటి నుంచి ఎన్నడూ మూయని ఆ గేటులోంచి లోపలికి వెళ్లడం ఎవరి తరమూ కాలేదు.

కోటు సంగతి తల్లి చెవిన పడింది. “బయట కుట్టించావంటే ఊరుకోను. నేనే కుడతా.”

“నీకు సూదే కనబడదు కదమ్మా.”

“సూదికి నేను కనబడుతున్నానులే.”

చెల్లెలు దారం ఎక్కించి ఇస్తుంటే వేళ్లతో తడుముకుంటూ పన్నెండు రోజుల్లో కుట్టింది. దుస్తుల తనిఖీ అధికారి పదికి తొమ్మిది వేసి, ఎడమ చెయ్యి అంగుళం పొట్టి, కుట్టినవారు కళ్లు పరీక్ష చేయించుకోవాలి అని రాశాడు.

నలభై తొమ్మిది పనిదినాల తర్వాత, సరిగ్గా అరవై పాయింట్లతో, ఆ కోటు వేసుకుని, తల్లిని చెయ్యి పట్టుకుని కిటికీ ముందు నిలబడ్డాడు. బూడిద వాక్యం ఆకుపచ్చగా మారింది. నొక్కాడు.

“మా అమ్మకు చూపు పోతోంది,” అంది యంత్రం, ఈసారి ఉన్నదున్నట్టు.

‘విజయం’ అని పడింది. గుమాస్తా నిజంగానే ఒప్పుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఈ మాట ముందే చెప్పొచ్చు కదండీ!”

“అరవై కావాలన్నారు సార్.”

గుమాస్తా తన వైపున్న తెరను వాళ్లకేసి తిప్పాడు. ‘వచ్చే వారమే రండి’, బూడిద, డెబ్బై అయిదు. ‘అయ్యో పాపం’, బూడిద, నలభై. గుమాస్తాకు ఉన్నవి పన్నెండు. వెలుగుతున్న వాక్యం ఒక్కటే. దాన్నే నొక్కాడు.

“మీ సమస్య మాకు అర్థమైంది.”

“ఏమంటున్నాడ్రా?” అంది తల్లి.

“అర్థమైందంటున్నాడమ్మా. కానీ సరే అనడానికి ఆయనకు పాయింట్లు చాలవట.”

“అయ్యో పాపం,” అంది తల్లి. (ఆమెకు పాయింట్లేవీ లేవు.) “ఏదీ, చెయ్యిలా పెట్టు నాయనా.”

గుమాస్తా కిటికీ కన్నంలోంచి చెయ్యి బయట పెట్టాడు. ఆమె దాన్ని భుజం వైపుగా అందినంత మేర జానలతో కొలిచి, కోటుకు గుడ్డ ఎంత పడుతుందో గొణుక్కుంది. కోటుతో తొమ్మిది వచ్చినా, రోజూ గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఒప్పించుకున్నా, గుమాస్తా సరే అనడానికి ఇంకా యాభై నాలుగు పనిదినాలు పడుతుంది. డాక్టరు పెట్టిన గడువుకు ఇరవై ఎనిమిది రోజులు ఉన్నాయి.

తెర మీద చివరి ప్రశ్న వచ్చింది. ఈ సంభాషణకు మీరు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? నాలుగు కంటే తక్కువ ఇవ్వడానికి ఎనభై పాయింట్లు కావాలి.

మెకానిక్కు అయిదూ ఇచ్చాడు.