సూదిమొనగారి దిద్దుబాట్లు

గుమాస్తాగారు పుట్టి బుద్ధెరిగాక ఒక్క బొత్తాం కుట్టి ఎరగరు. అలాంటి మనిషి కుట్టుమిషన్ల మీద నాలుగొందల పన్నెండు దిద్దుబాట్లు చేశారంటే నమ్మబుద్ధి కాదు గానీ, చేశారు. ఆ లెక్క ఆయనే చెబుతారు, ఎవరూ అడక్కపోయినా.

పాత కుట్టుమిషన్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు కొందరు కలిసి ఇంటర్నెట్‌లో కుట్టుకోశం అనే విజ్ఞానకోశం నడుపుతున్నారు. అందులో ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినదాన్నైనా ఎవరైనా దిద్దవచ్చు. జీతం లేదు, బత్తెం లేదు, పోట్లాటలు మాత్రం ఉన్నాయి. అక్కడ ఆయన పేరు సూదిమొన. ఆయన దిద్దుబాట్లలో సగం కామాలు. మిగతా సగం ఇతరుల వాక్యాల పక్కన "ఆధారం చూపాలి" అని తగిలించడం.

ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. "కాఫీపొడి అయిపోయిందండీ" అని భార్య అంటే "ఆధారం?" అనేవారు. ఆవిడ ఖాళీ డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో బోర్లించేది.

ఇప్పుడు కుట్టుకోశానికి కొత్త నిర్వాహకుణ్ణి ఎన్నుకుంటున్నారు. నిర్వాహకుడికి పేజీలకు తాళం వేసే అధికారం ఉంటుంది. ఆఫీసులో బీరువా తాళం కూడా చేతికందని మనిషికి అది చిన్న విషయం కాదు. మిషన్ తాత అని అందరూ పిలుచుకునే పెద్ద సభ్యుడు ఒక షరతు పెట్టాడు. పోటీలో ఉన్నవాళ్ళు శనివారం సాయంత్రంలోగా ఒక పేజీని పూర్తిగా మెరుగుపరచాలి, సొంతంగా తీసిన ఫొటోలతో.

పోటీకి దిగిన గుమాస్తాగారు "కింద దారం ఉచ్చులు పడితే" అనే పేజీని పట్టుకున్నారు. అందులో ఎవరో పేరు చెప్పని మనిషి పక్కింటావిడతో మాట్లాడుతున్నట్టు రాసిన నాలుగు మాటలున్నాయి. వాటిని తుడిచేసి, "ఊర్ధ్వ, అధో తంతువుల బిగుతులో సమతౌల్యం లోపించినపుడు" అని మొదలుపెట్టి మూడు పేజీలు దంచారు. మార్పుకు కారణం రాయాల్సిన గడిలో "అనవసర విషయం తొలగించాను" అని రాశారు.

ఇక ఫొటోలు కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే మిషన్, భార్యది. దానికీ ఆ శనివారం ఊపిరి సలపని పని ఉంది. ఆవిడ చెల్లెలు బడిలో టీచరు. ఆదివారం పొద్దున్నే పిల్లల నాటకం, అందులో అడవి, అడవికి పది చెట్లు. పది ఆకుపచ్చ అంగీలు కుట్టి ఇస్తానని అక్క మాటిచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆవిడ సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"దారం కొనుక్కొస్తా. మిషన్ జోలికి వెళ్ళకండి."

"దాని జోలి నాకెందుకు?"

"నాలుగొందల పన్నెండు సార్లు వెళ్ళారుగా, అందుకు చెబుతున్నా."

ఆవిడ వీధి మలుపు తిరగ్గానే గుమాస్తాగారు స్క్రూడ్రైవర్ తీశారు. దారం లాగేశారు, సూది కింది పలక విప్పారు, నూనె పోశారు, పద్నాలుగు ఫొటోలు తీశారు. మళ్ళీ అన్నీ బిగిస్తే ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవాలనిపించింది గానీ చెప్పుకునే వీల్లేదు. ఫొటోలు పేజీకి ఎక్కించి, దారం ఎక్కించి, పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు.

ఆవిడ వచ్చి మొదటి చెట్టు పెట్టి తొక్కింది. తిప్పి చూస్తే కింద దారం పిచ్చుకగూడు కట్టింది.

"మిషన్ ముట్టుకున్నారా?"

"ముట్టుకోలేదు. చూశాను."

"చూస్తే బల్లంతా నూనె ఎలా అయిందండీ?"

"నువ్వు కంగారుపడకు. దీనికి కుట్టుకోశంలో దివ్యమైన పేజీ ఉంది" అని ఆయన ఫోన్ తీసి, ఊర్ధ్వ తంతువు దగ్గర్నుంచి గొంతెత్తి చదివారు. పేజీ చెప్పినట్టే కింద దారం చుట్ట ఉండే బాబిన్ కేసు స్క్రూ అరచుట్టు బిగించారు. ఈసారి పిచ్చుకగూడు కాకిగూడంత అయింది.

"ఎవరండీ ఇది రాసింది?"

"ఒక నిపుణుడు."

ఫోన్ మోగింది. టీచరు. "అక్కా, చెట్లెంతవరకు వచ్చాయి?"

"ఒకటి మొదలెట్టానే. కింద వేళ్ళు మాత్రం బ్రహ్మాండంగా దిగుతున్నాయి" అంది అక్క, భర్త వైపు చూస్తూ. "పిల్లలకి చెప్పకు. ఎలాగో చేస్తా." ఆ మాట అంటూనే ఆవిడ గడియారం చూసి, మిగిలిన తొమ్మిది చెట్ల గుడ్డలూ లెక్కపెట్టింది. అది చూసి గుమాస్తాగారికి మొదటిసారి భయం వేసింది.

గబగబా తన పేరు కనబడకుండా కుట్టుకోశంలో సహాయం అడిగారు. క్షణంలో మిషన్ తాత జవాబు: "మన పేజీ చూడండి. సూదిమొనగారు ఇవాళే అద్భుతంగా మెరుగుపరిచారు."

ఆవిడ ఫోన్ లాక్కుంది. "పైన ఈ 'చరిత్ర' అన్నదేమిటి?"

"అవి పాత రాతలు. ఎందుకూ పనికిరావు."

పనికిరావన్నారు గనుక ఆవిడ నొక్కింది. నాలుగు మాటలు కనిపించాయి. "కింద ఉచ్చులు పడితే కింద వెతక్కండి, తప్పు పైన ఉంటుంది. సూది పక్కనున్న పాదం పైకెత్తి, దారం తీసి మళ్ళీ ఎక్కించండి. పాదం దించి ఎక్కిస్తే దారం దాన్ని బిగించి పట్టే బిళ్ళల మధ్యకు పోదు. మీరేమీ పాడు చెయ్యలేదు, నెమ్మదిగా చెయ్యండి."

చివరి మాట చదివాక ఆవిడ భుజాలు కిందికి దిగాయి. గుమాస్తాగారు అది చూశారు. తను తొలగించిన అనవసర విషయం అదే.

ఆవిడ స్క్రూ అరచుట్టు వదులు చేసి, పాదం ఎత్తి దారం ఎక్కించి తొక్కింది. కుట్టు గీత గీసినట్టు వచ్చింది.

"ఇంత మంచి మాట తీసేసిన ఈ సూదిమొన ఎవరండీ?"

"ఎవడో... తొందరపాటు మనిషి."

"పద్నాలుగో ఫొటోలో మన బల్లా, మీ కాలి బొటనవేలూ ఉన్నాయి. వాడికి అరువిచ్చారా?"

జవాబు కోసం ఆగకుండా ఆవిడ పాత రాతను మళ్ళీ పైకి తెచ్చింది. కారణం అడిగే గడిలో "చేసి చూశాను. పనిచేసింది" అని రాసి, రెండో చెట్టు అందుకుంది.

సాయంత్రం ఎన్నిక పేజీలో మిషన్ తాత రాశాడు: "చేసి చూశాను అన్నదానికన్నా మంచి ఆధారం ఇన్నేళ్ళలో ఎవరూ చూపలేదు. ఈ పేరులేని సభ్యులెవరో వారే నిర్వాహకులు కావాలని నా ఓటు." దాని కింద ఓట్లు బారులు తీరాయి. గుమాస్తాగారు వాటిని లెక్కపెట్టి, తన ఓటు కూడా అక్కడే వేశారు. వేస్తూ ఒక కామా సరిచేశారు.

"నిర్వాహకురాలిగా ఉంటావా అని అడుగుతున్నారు."

"తీరిక లేదని రాయండి. రాసి ఇలా రండి. చెట్టుకి మూడు బొత్తాలు."

ఆయన ఒక చెట్టును ఒళ్ళో పరుచుకుని, సూది మొన రెండుసార్లు వేలికి గుచ్చుకున్నా నోరెత్తకుండా, జీవితంలో మొదటి బొత్తాం కుట్టారు. గట్టిగా లాగి చూశారు, ఊడలేదు. భార్యకు చూపిద్దామని లేచారు. చెట్టూ ఆయనతో పాటు లేచింది, ప్యాంటును అంటుకుని.

ఆవిడ తొక్కడం ఆపి తేరిపార చూసింది. "కుట్టుకోశంలో రాయండి. బొత్తాం తొడ మీద పెట్టుకుని కుట్టకూడదని."

"ఆధారం?" అన్నారు గుమాస్తాగారు, అలవాటు కొద్దీ.

"చేసి చూశారుగా" అని ఆవిడ కత్తెర అందించింది.