రిలీఫ్ వచ్చేదాకా

ఆ ఆదివారం అమ్మాయి పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏడింటికి లేవాలి, గది తలుపు వేసుకోవాలి, త్రికోణమితి అనే బ్రహ్మరాక్షసిని సాయంత్రంలోగా లొంగదీసుకోవాలి. తెల్లారితే పదో తరగతి లెక్కల పరీక్ష. వచ్చిన పాఠాలు సగమే, ఇది కూడా రాకపోతే తప్పడం ఖాయం.

ఇంత చిన్న పనిని చెడగొట్టడానికి ఒక్క పెద్దమనిషి చాలు. ఆయన ఆ ఇంట్లోనే ఉన్నాడు. అమ్మాయి తండ్రి బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసే ఉద్యోగి. ఏ డ్రైవరు ఎన్నింటికి ఏ బస్సు ఎక్కాలో పాతికేళ్ళుగా గీస్తూ, గీత గీయనిదే మంచినీళ్ళు గొంతు దిగని స్థితికి వచ్చాడు. శనివారం బడి నుంచి ఒక కాగితం వచ్చింది. పరీక్షల ఒత్తిడిలో ఉన్న పిల్లలకు ఇంట్లోవాళ్ళు, స్నేహితులు తోడుండాలట, ఒంటరిగా వదలకూడదట. మామూలు తండ్రి అయితే చదివి బల్ల మీద పడేసేవాడు. ఈయన స్కేలు తీశాడు.

పొద్దున్నే గది తలుపు మీద చార్టు వెలసింది. అరగంటకొకరు చొప్పున తోడు. అడుగున ఎర్ర సిరాతో డిపో నియమం: రిలీఫ్ రానిదే, అంటే తర్వాతి వంతు మనిషి వచ్చి సంతకం పెట్టనిదే, ఎవరూ డ్యూటీ దిగరాదు. పక్కనే దారం కట్టిన పెన్ను, సంతకాల పుస్తకం. నన్ను నా మానాన వదిలేస్తే చాలు మహాప్రభో అని అమ్మాయి మొత్తుకుంది. ఒత్తిడి ముదిరినవాళ్ళు అలాగే అంటారని తండ్రి తేల్చేశాడు.

మొదటి డ్యూటీ నాన్నమ్మది. ఆవిడ రిటైరైన నర్సు, తోడుండమంటే ఆవిడకు తెలిసింది నాడి పట్టుకోవడమే. కుడిచెయ్యి ఆవిడ పట్టుకుంటే పిల్ల ఎడమచేత్తో లెక్కలు చేసింది. తొంభై దాటిందని నాన్నమ్మ నిట్టూర్చగానే అది వంద దాటింది.

తర్వాత రావలసిన మేనమామకు దారిలో టైరు పంచరైంది. రిలీఫ్ రాలేదు కాబట్టి నాన్నమ్మ కదల్లేదు. ఆ తర్వాతి వంతు అమ్మది. తమ్ముడు సంతకం పెట్టకుండా తను పెట్టకూడదు కాబట్టి ఆవిడ ఊరికే మంచం మీద కూర్చుంది. ఊరికే కూర్చోవడం చేతగాక అలమర సర్దడం మొదలుపెట్టింది. గంటన్నర ఆలస్యంగా దిగిన మేనమామ, నా అరగంట నాకు కావలసిందేనని కుర్చీ లాక్కున్నాడు. ఆయన డ్రైవింగు నేర్పుతాడు, ధైర్యం చెప్పడంలో దిట్టనని ఆయన నమ్మకం.

"మా దగ్గర ఒకాయన పదో తరగతి ఐదుసార్లు తప్పాడమ్మా. ఇప్పుడు చూడు, ఎంత హాయిగా ఉన్నాడో. లైసెన్సు మాత్రం ఇంకా రాలేదనుకో."

తప్పడం అనే మాట ఎత్తినందుకు అమ్మ తమ్ముడి మీద విరుచుకుపడింది. నాన్నమ్మ కోడలి నాడి కూడా పట్టుకుంది. సంతకం ముందు ఎవరిదో తేల్చడానికి తండ్రి పుస్తకంతో లోపలికొచ్చాడు. మధ్యాహ్నానికి ఆ గదిలో కాలు పెట్టే సందు లేదు. లెక్కల పుస్తకం మొదటి పేజీ దగ్గరే ఉంది. అమ్మాయికి ఏడుపొచ్చింది, పిల్లను నలుగురూ నాలుగు రకాలుగా ఓదార్చారు.

పన్నెండు గంటల డ్యూటీ స్నేహితురాలిది. బడిలో అందరూ ఆ పిల్లను నత్త అంటారు, అందుకే మూడింటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి చార్టు తీరిగ్గా చదివి, సంతకం పెట్టింది.

"రిలీఫ్ వచ్చింది. అందరూ దిగండి."

తండ్రి నోరు తెరిచాడు. ఎర్ర సిరా తనదే. మూశాడు. నలుగురూ వరసగా బయటికి నడిచారు.

నత్త గోడకు చేరగిలబడి తన పుస్తకం తెరుచుకుంది. నాడి పట్టుకోలేదు, ధైర్యం చెప్పలేదు. కాసేపటికి అమ్మాయి అడిగింది.

"ఈ ఏడో లెక్క నీకు వచ్చిందా?"

"రాలేదు. మొత్తం క్లాసులో ఎవడికీ రాలేదు."

అమ్మాయి పొద్దుట్నుంచీ మొదటిసారి నవ్వింది. తర్వాత ఇద్దరూ కుస్తీ పట్టి దాన్ని సాధించారు.

నీళ్ళకని తలుపు తీస్తే, బయట స్టూలు మీద తండ్రి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"పరీక్ష నాకు కదా నాన్నా?"

"లెక్కల్లో నేను రెండుసార్లు తప్పానమ్మా. ఆ రెండు వేసవులూ ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. నీకట్లా కాకూడదని..."

అమ్మాయికి కోపమంతా జారిపోయింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఒక్క మాట కూడా మాట్లాడనని ఒట్టు వేయించుకుని కూర్చోబెట్టింది. ఆయన పది నిమిషాల్లో గురకపెట్టాడు. ఆ గురకలోనే మిగతా లెక్కలు పూర్తయ్యాయి.

మర్నాడు పరీక్షలో ఏడో లెక్కలాంటిదే వచ్చింది, అమ్మాయి చేసింది. ఫలితాలు నెల తర్వాతన్నారు. ఆ సాయంత్రం అమ్మాయే స్కేలు తీసి, ముప్ఫై రోజుల చార్టు గీసి, నాన్న గది తలుపుకు అంటించింది.

మొదటి డ్యూటీ నాన్నమ్మది. ఆవిడ అప్పటికే కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుంది.