సొరుగుల్లో నీళ్లు

ఊరి పక్క వంక పొంగి కూరగాయల మార్కెట్లోకి మోకాటి లోతు నీళ్లు వచ్చిన ఏడాది అది. కళ్యాణదుర్గంలో ఏండ్లను వానలతో లెక్కపెట్టరు, లెక్కపెట్టేటన్ని వానలు పడవు. వరద అయితే గుర్తుంటుంది. ఆ ఏడు టమాటాలు బుట్టలతో సహా తేలిపోయాయి, జనం మేడలెక్కి ఫొటోలు తీసుకున్నారు. అంత జరిగినా ఇళ్లల్లో కొళాయికి నీళ్లు మాత్రం ఎప్పటిలాగే ఐదు రోజులకొకసారి, ముప్పావుగంట వచ్చి పోయేవి.

గురువారం పొద్దున్నే వేరుశనగ విత్తనాల వ్యాపారి సోమశేఖర్ కొత్త వంటింట్లో నిలబడి ఆ రోజు పనులు మనసులో వరస పెట్టుకున్నాడు. తొమ్మిదికి వడ్రంగి గిరి వచ్చి గిన్నెలు తోమే మిషనుకు కరెంటు ఇవ్వాలి. మధ్యాహ్నం అనంతపురం నుంచి నీళ్లు పట్టుకునే ప్లాస్టిక్ డ్రమ్ము రావాలి. సాయంత్రం ఐదింటి బస్సుకు భార్య రత్నమ్మ కంబదూరులో చెల్లెలింటి నుంచి వచ్చేస్తుంది. ఆ లోపల తను ఒక మాట కంఠతా పట్టాలి. ఆ మాట మూడు రోజులుగా నోటికి రావడం లేదు. ఒకచోట నిలవలేక వంటింటికీ వీధి గడపకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

సంగతి ఏమంటే, వంటిల్లు కొత్తగా చేయించడానికి రత్నమ్మ ఒకే ఒక షరతు పెట్టింది. పొయ్యికి మూడు బర్నర్లా నాలుగా, పొగగొట్టం ఏ కంపెనీది, తలుపులు ఏ రంగు, ఇవన్నీ ఆయన ఇష్టానికే వదిలేసింది. "మూల తొట్టి మాత్రం ముట్టుకోవద్దండీ" అంది. తాడిపత్రి నల్లబండలతో సోమశేఖర్ తండ్రి కట్టించిన తొట్టి అది. ఐదు రోజుల నీళ్లు పడతాయి. ఇంటికి ప్రాణం ఆ మూలే ఉంది.

ఆయన తొట్టి జోలికి పోయే మనిషి కాదు. కానీ రత్నమ్మ రెండేండ్లుగా కుడి భుజం నొప్పి అంటోంది. షాపులో గిన్నెలు తోమే మిషను చూడగానే ఆయనకు ఆ భుజమే గుర్తొచ్చింది. చెప్పకుండా తీసుకున్నాడు. ఇంటికి తెచ్చాక అల్మారాలు బిగించే గిరి టేపు పట్టుకుని వంటిల్లంతా కొలిచాడు.

"తొట్టి తీస్తే తప్ప ఇది యాడా పట్టదన్నా" అన్నాడు.

"ఇంకేం దారి లేదా?"

"ఉండాది. మిషను పడసాలలో పెట్టుకోని, వచ్చినోళ్లకు చూపించల్ల."

మంగళవారం తొట్టి పగిలింది. ఆ రోజు నుంచి సోమశేఖర్‌కు అన్నం సయించడం లేదు.

కొళాయి శుక్రవారం రావాల్సింది. గురువారం ఏడున్నరకే ఎదురింటి ప్రశాంతి గడప దగ్గర నుంచి కేకేసింది.

"సోమన్నా, నీళ్లొచ్చినాయి. ఒకరోజు ముందే ఇడిచినారు. రేపు లైను రిపేరంట."

డ్రమ్ము ఇంకా అనంతపురంలో ఉంది. తొట్టి చెత్తబండిలో పోయింది. వంటింటి పనికి అడ్డమని సర్దిన బిందెలు, గంగాళాలు, డేగిసాలు అన్నీ మేడమీద గదిలో భద్రంగా ఉన్నాయి. ఆ గది తాళంచెవి రత్నమ్మ నడుముకు ఉంది. నడుము కంబదూరులో ఉంది. ఫోన్ చేసి చెవి సంగతి అడగవచ్చు. అడిగితే, తొట్టి ఉండగా బిందెలు దేనికి అంటుంది.

"ప్రశాంతమ్మా, రెండు బిందెలు ఇస్తావా?"

"నీళ్లొచ్చినప్పుడు బిందెలు అడుగుతాండావా అన్నా? రేపడుగు, నాలుగు ఇస్తా" అని ఆమె లోపలికి పోయింది.

ఇంట్లో మిగిలినవి ఒక బకెట్టు, ఒక చెంబు, కాఫీ గిన్నె, టిఫిన్ క్యారియరు. ఐదు నిమిషాల్లో అన్నీ నిండిపోయాయి. కొళాయి మాత్రం పారుతూనే ఉంది. ఆ ఊళ్లో పుట్టినవాడు దేన్నైనా చూస్తూ ఊరుకుంటాడు గాని, కొళాయి నీళ్లు కాలవలోకి పోతుంటే చూస్తూ ఊరుకోలేడు. సోమశేఖర్ వంటింట్లోకి వచ్చి నాలుగు దిక్కులా చూశాడు. పొయ్యి కింద మూడు లోతు సొరుగులు కనబడ్డాయి.

షాపులో అల్మారాలకు పది రకాల పలకలు చూపించారు. ఆయన వాళ్లు చూపించని పదకొండోది ఎంచుకున్నాడు. కారణం, ఆ పలక ముక్కను గాజు సీసాలో నీళ్లు పోసి బల్లమీద పెట్టారు. "ఆరు నెలలైంది సార్ నానబెట్టి. పిసరంతైనా ఉబ్బలేదు" అని షాపాయన ప్రమాణం చేశాడు. మూలలన్నీ జిగురుతో గిరి దగ్గరుండి పూడ్చాడు. నీళ్లు బయటకు పోని వస్తువు ఏదైనా సరే, కరువు సీమ మనిషి కంటికి అది తొట్టే.

మొదటి సొరుగులో భయపడుతూ ఒక బకెట్టు పోశాడు. కారలేదు. ఇంకోటి పోశాడు. మూడూ నిండేసరికి పన్నెండు బకెట్లయింది. ఇంకా పారుతున్నాయి. మిషను తలుపు కిందికి దించి, అంచు దాటకుండా దాని కడుపులో కూడా ఒకటిన్నర బకెట్టు పోశాడు. అప్పుడు కొళాయి గురగురమని ఆగిపోయింది. సోమశేఖర్ చొక్కా కొసతో మొహం తుడుచుకున్నాడు. మంగళవారం తర్వాత ఆయన కూర్చోవడం అదే మొదలు.

తొమ్మిదికి గిరి వచ్చాడు. వచ్చీ రాగానే సొరుగు పిడి మీద చేయి వేశాడు.

"అది తెరవద్దు" అన్నాడు సోమశేఖర్.

"ఏమన్నా?"

"మీ వదిన మొక్కుకునింది. ఆమె వచ్చి టెంకాయ కొట్టినాంకే సొరుగులు తెరవల్ల."

"సొరుగులకు కూడా మొక్కుకుంటారా?"

"మా ఇండ్లల్లో అంతే."

గిరి మిషను పైపును గోడ రంధ్రంలోంచి వీధి కాలవలోకి వదిలి, స్విచ్చి వేశాడు. కడుపులో పోయకూడని నీళ్లుంటే వెంటనే బయటికి తోసే తెలివి ఆ మిషనుకు ఉంది. అది ఎవరినీ అడగకుండా గుర్రుమని మొదలుపెట్టింది.

వీధిలో ప్రశాంతి వాకిలి ఊడుస్తోంది. కొళాయిలు ఆగి గంటయింది. సోమన్న గోడలోంచి మాత్రం తేటనీళ్లు దూకుతున్నాయి. ఆమె చీపురు వదిలేసి బిందె తెచ్చి కింద పెట్టింది. ఆమెను చూసి పక్కింటి ఓబులమ్మ, ఆమెను చూసి ఇంకో నలుగురు. బిందె నిండకుండానే ధార సన్నబడింది. వరస మాత్రం పెరిగింది.

"మా ఇంట్లో సగం తొట్టి కూడా నిండలేదు. ఈయనకు గోడల్లో గూడా వస్తాండాయి" అంది ఓబులమ్మ.

"మోటారు బిగించింటాడు. మన నీళ్లన్నీ పీక్కుంటాండాడు."

"మాట్లాడని మనుషులే ఇట్లాంటి పనులు చేసేది."

కొళాయి నీళ్లు వదిలే సుంకప్ప అన్ని వీధుల వాల్వులూ మూసి అదే దారిన ఇంటికి పోతున్నాడు. ఆడవాళ్లు ఆయన సైకిల్‌ను పట్టుకుని నిలిపారు. సుంకప్పకు మోటారు అనే మాట వినబడితే చాలు, కళ్లు ఎర్రబడతాయి. నేరుగా వంటింట్లోకి వచ్చాడు. వెనకే వీధి వీధంతా వచ్చింది.

"ఏమప్పా సోమన్నా, మోటారు పెట్టినావంట. కనెక్షను పీకాల్సి వస్తాది. నీ మాదిరి పెద్దమనిషితో నాకు పంచాయితీ వద్దు, తీసి చూపించు."

"మోటారు లేదు సుంకప్పా."

"మరి ఆ నీళ్లు యాడివి?"

"మిషన్లోవి."

"మిషన్లోకి యాడ్నుంచి వచ్చె?"

"నేను పోసినా."

"గిన్నెలు తోమే దాంట్లో ఉత్త నీళ్లు ఎందుకు పోసినావప్పా?"

ఆ మాటకు జవాబు చెప్పాలంటే తొట్టి దగ్గర నుంచి మొదలుపెట్టాలి. వీధికి చెప్పింది రత్నమ్మ చెవిన పడకుండా ఉండదు. కనెక్షను పోయినా సరే, ఆమెకు ముందు తనే చెప్పాలని సోమశేఖర్ పట్టుదల.

సుంకప్ప గది అంతా కలియజూసి గిరి వైపు తిరిగాడు.

"ఆ సొరుగుల్లో ఏముండాదప్పా?"

"తెలీదన్నా. తెరవద్దన్నాడు. మొక్కుబడి ఉండాదంట" అన్నాడు గిరి, అమాయకంగా.

"మోటారుకు మొక్కుబడి" అని సుంకప్ప పై సొరుగు పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

నాలుగు బకెట్ల బరువు మోసే పట్టాలు కావు ఆ సొరుగులవి. సొరుగు సగం వచ్చి, ముందుకు ఒరిగి, కింది సొరుగు మీద పడింది. అది దాని కిందిదాన్ని తీసుకుని కూలింది. సుంకప్ప మోకాళ్ల దాకా తడిశాడు. నీళ్లు వంటిల్లు దాటి, పడసాల దాటి, గడప మీదుగా వీధిలోకి దిగాయి. వంక పొంగినప్పుడు కూడా ఆ ఇంట్లోకి చుక్క రాలేదు.

"మోటారు లేదన్నా" అన్నాడు గిరి, కాసేపటికి.

అప్పుడే వాకిట్లో షేర్ ఆటో ఆగింది. నీళ్లొచ్చాయని ప్రశాంతి ఎనిమిదింటికే ఫోన్ చేసి చెప్పింది. "అన్నకు పట్టుకోవడం చేతనైతాదో లేదో అక్కా" అని కూడా చెప్పింది. రత్నమ్మ ఐదింటి బస్సు కోసం ఆగలేదు. కుచ్చెళ్లు పైకెత్తి పట్టుకుని, జనం మధ్య నుంచి నీళ్లల్లో నడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది. కూలిన సొరుగుల్ని చూడలేదు. సుంకప్పను చూడలేదు. నేరుగా మూల వైపు చూసింది.

"తొట్టి ఏది?"

సోమశేఖర్ మూడు రోజులు కంఠతా పట్టిన మాటలో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

"పగలగొట్టించినా" అన్నాడు.

రత్నమ్మ తడి గడప మీదే కూర్చుని పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోంది అనుకున్నారు అందరూ. ఆమె నవ్వుతోంది.

"ముప్పై ఏండ్లు" అంది. "నెలకొకసారి ఆ తొట్టిలోకి దిగి పాచి గీకింది ఎవరు? ఈ భుజం యాడ పోయిందనుకున్నారు? ఎప్పుడు పగులుతాదా అని ఎదురు చూసినా."

"మరి ముట్టుకోవద్దంటివి కదే."

"మీ నాయన కట్టించింది. అది పోతే మీరు అన్నం మానేస్తారని అట్లంటి."

"మానేసినా" అన్నాడు సోమశేఖర్, చిన్నగా. "నువ్వు బాధపడతావని."

వీధి వాళ్లకు ఇంక చూడటానికి ఏమీ మిగలలేదు. బిందెలు ఎత్తుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. సుంకప్ప పంచె పిండుకుని, ఈ ఇంట్లో మోటారు పెట్టేంత తెలివి ఎవరికీ లేదని ఓబులమ్మతో చెప్పి పోయాడు. సోమశేఖర్ ప్రాణం కుదుటపడింది. ధైర్యం కూడా వచ్చింది. మిషను మీద చేయి వేసి, "ఇది నీ భుజం కోసమే" అన్నాడు.

రత్నమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"గిరీ, ఇది ఎన్ని నీళ్లు తాగుతాదప్పా?"

"తడవకు ఒక బిందె వదినా. తక్కువే. చేత్తో తోమితే ఇంకా ఎక్కువ పడతాది."

"చేత్తో తోమితే ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తా. ఇది యాడికి పంపిస్తాది?"

గిరి గోడలో రంధ్రం వైపు చూశాడు. అందరూ కాలవ వైపు చూశారు.

"మిషను ఎత్తుకోని పో. ఆ మూలలో బిందెలకు అరలు కొట్టు. ఎత్తు మూడడుగులు దాటకూడదు, నా భుజం లేవదు" అంది.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. సోమశేఖర్ ఊరుకోలేదు.

"మరి గిన్నెలు ఎవరు తోమల్ల? నీకు భుజం నొప్పి కదా" అన్నాడు.

రత్నమ్మ ఆయన రెండు భుజాలనూ ఒకటి తర్వాత ఒకటి చూసింది.

మరునాడు తెల్లవారి ఆరు గంటలకు సోమశేఖర్ పెరట్లో లుంగీ ఎగ్గట్టి, పీట మీద కూర్చుని, పప్పు గిన్నె అడుగు రుద్దుతున్నాడు. ఫోన్ మోగింది. తడి చేత్తోనే ఎత్తాడు.

"అన్నా, నేను గిరిని. మిషను ఎందుకు వాపసు చేస్తాండారో షాపువాళ్లు రాసియ్యమంటాండారు. ఏమని రాసేది?"

సోమశేఖర్ పప్పు గిన్నె కడిగి బోర్లించాడు.

"ఇంట్లో ఒకటి ఉండాదని రాయప్పా" అని, పాలగిన్నె అందుకున్నాడు.